ఊ అంటే చిన్న గెంతు

వీడియో గేముల ప్రదర్శనశాల,
కాఫీ బల్లల దగ్గర, గోడ పక్క కుర్చీ.
మార్చి, ఆదివారం మధ్యాహ్నం

అక్కా, ఓ నా కుడి చెయ్యీ,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ మన సంగతి తెలిసిందేగా. మొదటి మాట "తిన్నావా", రెండో మాట "నువ్వెప్పుడూ ఇంతే", మూడో మాటకి ఎవరో ఒకరం ఫోన్ పెట్టేస్తాం. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు రాలేవు.

ఎక్కడున్నానో పైన చూసే ఉంటావు. అవును, ఆ ప్రదర్శనే. ఏటా నువ్వూ నేనూ పొద్దున్నే వెళ్ళి తలుపులు తీయకముందే వరసలో నిలబడేవాళ్ళమే, అదే. సోఫాలు కుట్టే షాపు పెట్టాక నువ్వు మానేశావు, నువ్వు మానేశావని నేనూ మానేశాను. ఇన్నేళ్ళకి మళ్ళీ ఎందుకొచ్చానో చెప్తాను. మా కళ్ళద్దాల వర్క్‌షాపులో కొత్త మిషన్ పెట్టారు. ఇదివరకు లెన్సు అంచు నేను చేత్తో అరగదీసేవాణ్ణి. ఇప్పుడు లెన్సు పెట్టి, మీట నొక్కి, పక్కన నిలబడతాను. అది తిరుగుతూంటే నేనూ తిరగాలనిపిస్తుంది. ఇంట్లో కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. ఆ తెలియకపోవడంలోనే టికెట్ కొనేశాను.

లోపల అంతా మారిపోయింది. నేల అదిరే సంగీతం, గోడంత తెరలు, ఒక్కో ఆట ముందు కొండచిలువలా వరస. గంట నిలబడితే పది నిమిషాలు ఆడనిస్తారు, ఆట కాస్త అర్థమయ్యేసరికి భుజం తట్టి లేపేస్తారు. మెడలో బ్యాడ్జి వేసుకుని ఈ హాలు నుంచి ఆ హాలుకి, ఆ హాలు నుంచి ఈ హాలుకి కాలు కాలిన పిల్లిలా తిరిగాను. బ్యాడ్జీలు ఇచ్చే అమ్మాయి నన్ను చూసి "అంకుల్, మీ పిల్లలు తప్పిపోయారా?" అంది. నేనే తప్పిపోయాను అని చెప్పలేకపోయాను.

చివర్లో, మెట్ల వెనక, పాత ఆటల గది కనిపించింది. అక్కడ ఏముందో చెప్పుకో. మన "గంటల మేడ". అదే లాంతరు పట్టుకున్న పొట్టి కాపలావాడు, అవే విరిగిన అంతస్తులు, పైన అదే గంట. మనం ఆఖరి అంతస్తు దాకా వెళ్ళి, ఒక్కసారీ కొట్టలేకపోయిన గంట.

ఎవరూ లేరని కూర్చున్నాను. కంట్రోలర్ చేతికొచ్చింది. కాపలావాణ్ణి నడిపించాను. మొదటి గొయ్యి దగ్గర నా నోటి నుంచి "ఊ" అని వచ్చింది, గట్టిగా. వాడు గెంతలేదు, నేరుగా గోతిలో పడ్డాడు. మళ్ళీ నడిపించాను, మళ్ళీ "ఊ", మళ్ళీ గోతిలోకి. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు చూసుకున్నాను, నా కుడి బొటనవేలు గాల్లో ఊరికే ఉంది. అది నీ పని కదా!

అమ్మ పెట్టిన రూలు గుర్తుందా? రెండో కంట్రోలర్ మనమే కొట్టుకుని విరగ్గొట్టాం కాబట్టి, ఉన్న ఒక్కదాన్నీ ఇద్దరూ కలిసి పట్టుకుంటే పట్టుకోండి, లేకపోతే టీవీ కట్టేస్తాను అంది. ఎడమ సగం నాది, నడక. కుడి సగం నీది, గెంతు. నేను ఊ అంటే చిన్న గెంతు, ఊఁ... అని సాగదీస్తే పెద్ద గెంతు. నువ్వేమో ఒళ్ళో కథల పుస్తకం పెట్టుకుని, ఒక్కసారి కూడా తెర వైపు తలెత్తకుండా బొటనవేలితో నొక్కేదానివి. "తెర చూడవే" అని నేను ఎన్ని ఏడుపులు ఏడ్చానో!

ఈ గది నడిపేది ఒకావిడ, పాత మిషన్లు బాగుచేస్తుంది. అక్టోబరు ప్రదర్శనలో వేదిక మీద జంటల ఆట పెడుతోందట. మన పద్ధతి చెప్తే పక్కున నవ్వింది. "ఒకే కంట్రోలర్ మీద ఇద్దరా? వచ్చి చూపించండి" అంది.

వస్తావు కదూ? ఆ గంట కొట్టేసి వచ్చేద్దాం.

నీ ఎడమ


షాపు వెనక గది,
సోఫా స్ప్రింగుల మధ్య.
ఏప్రిల్

ఒరేయ్ ఎడమా,

నేను చెప్తున్నాను, మీ బావ రాస్తున్నారు. నా వేలికి సూది దిగింది. ఎలాగూ నా అక్షరాలు కోడి గీసినట్టుంటాయని నువ్వే అనేవాడివి. కాగితం మీద అడ్డు రాలేనన్నావు, అదేం కుదరలేదు. ఆయన చదువుతూంటే నేను అడుగడుగునా అడ్డొస్తూనే ఉన్నాను. ఉత్తరం అయ్యేసరికి ఆయన తల ప్రాణం తోకకొచ్చింది.

(నిజమే. - బావ)

నువ్వు గోతిలో పడ్డావని విని కడుపు పట్టుకుని నవ్వాను. అంత వయసొచ్చి గెంతడం కూడా రాదా నీకు! సరేలే, నాకు మాత్రం నడవడం వచ్చా? నీకు పెళ్ళయి నువ్వు వెళ్ళిపోయాక ఒకసారి ఒక్కదాన్నే పెట్టుకున్నాను. వాడు నిలబడ్డచోటే ఎగురుతూ ఉన్నాడు. చూసి చూసి కట్టేశాను.

అక్టోబరు కష్టంరా. నాటకశాల వాళ్ళ కుర్చీలన్నీ కొత్త బట్ట వేయమని వచ్చి పడ్డాయి. నువ్వు వెళ్ళు, ఆడు, నాకు రాయి. ఏ స్టాలులో ఏముందో, ఎవరు ఏ వేషం కట్టుకొచ్చారో అన్నీ వివరంగా రాయి. చదివించుకుని సంతోషిస్తాను.

కుడి

(సూది సంగతి నాకు తెలియదు. ఆరోగ్యం జాగ్రత్త. - బావ)


కాలేజీ ఆటస్థలం హాలు,
బాస్కెట్‌బాల్ రింగు కింద.
జూన్

అక్కా,

ఇది ఇంకో ప్రదర్శన, చిన్నది. ఒక్కళ్ళూ ఇద్దరూ కూర్చుని సొంతంగా ఆటలు తయారుచేసుకునే వాళ్ళది. పెద్ద తెరల్లేవు, బల్ల మీద ఒక ల్యాప్‌టాప్, వెనక నిద్రలేని మొహం. ఆడుతుంటే తయారుచేసినవాడు మన మొహమే చూస్తూ ఉంటాడు, పెళ్ళిచూపుల్లోలా. ఒకతని ఆటలో మొదటి తలుపు తెరవలేక నేను పావుగంట కొట్టుకున్నాను. అతను గోళ్ళు కొరుక్కుంటున్నాడు, నేను చెమటలు కక్కుతున్నాను. చివరికి ఇద్దరం కాఫీకి పోయాం.

నెలకో ప్రదర్శన అయిపోయింది నాకు. నీ మరదలు "కాళ్ళకి చక్రాలు కట్టుకున్నావా" అంటోంది. ఎక్కడికెళ్ళినా మొదటి గంట బాగుంటుంది. తర్వాత ఇక్కడ కాదేమో, పక్క హాల్లోనేమో అనిపిస్తుంది. పక్క హాలుకి పోతే అక్కడా అంతే.

ఒక సంగతి చెప్పాలి. కోప్పడకు. అక్టోబరుకి మన పేర్లు ఇచ్చేశాను. బోర్డు మీద "ఎడమ, కుడి" అని రాయిస్తానంది మరమ్మతులావిడ. ఆ కుర్చీలు సెప్టెంబరుకల్లా అయిపోవా? నేనొచ్చి మేకులు కొట్టిపెడతాను.

నీ ఎడమ


షాపు వెనక గది.
జూలై

ఎడమా,

అడక్కుండా పేరు ఎవడివ్వమన్నాడు నిన్ను? చిన్నప్పుడూ ఇంతే, నన్నడక్కుండానే నడుచుకుంటూ పోయి, గొయ్యి ముందు నిలబడి "ఊ ఊ ఊ" అని అరిచేవాడివి.

నాకు కుదరదు. కుర్చీలున్నాయి. మోకాలు కూడా నొప్పిగా ఉంది. మీ బావ దగ్గర డ్రైవింగు నేర్చుకునే వాళ్ళకి పరీక్షలున్నాయి, నన్ను రైలెక్కించేవాళ్ళు ఉండరు. పేరు తీయించెయ్.

కుడి

(నా డ్రైవింగు స్కూలుకి అక్టోబర్లో పరీక్షలేం లేవు. ఇది రాశానని ఆవిడకి చెప్పకు. - బావ)


సదస్సు జరిగే హోటలు,
లాబీలో కుండీ పక్కన.
ఆగస్టు

అక్కకు,

ఇదీ ఆటల లోకమే గానీ ఆడేవాళ్ళది కాదు, అమ్మేవాళ్ళది. అందరూ కోట్లు వేసుకుని చేతులు కలుపుకుంటున్నారు. నా బ్యాడ్జి మీద "సందర్శకుడు" అని చూడగానే నవ్వు ఆపేసి పక్కకి జరుగుతున్నారు. పొద్దుట్నుంచి ఎవరితోనూ పది మాటలు మాట్లాడలేదు. ఉన్న కోపమంతా నీ మీదికే వస్తోంది, వస్తే రానీ.

కుర్చీలని ఒకసారి, మోకాలని ఒకసారి, పరీక్షలని ఒకసారి. పరీక్షలు లేవని నాకు తెలుసు. ఎలా తెలుసని అడక్కు. నాతో రావడం ఇష్టం లేదని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పెయ్యొచ్చుగా? నెరిసిన తలతో ఈ పిల్లల ఆటలేంట్రా అనే కదా నీకు? అందరికీ అంతే. మా వర్క్‌షాపులోనూ చాటుగా నవ్వుకుంటున్నారు. వాళ్ళు నవ్వితే దులిపేసుకుంటాను. నువ్వు నవ్వితే మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడంలేదు.

ఆ బొటనవేలి పని ఇంకెవరికైనా అప్పగించొచ్చు. మరమ్మతులావిడే కూర్చుంటానంది. నాకు అక్కర్లేదు. నేను ఊ అంటే గెంతేది నువ్వొక్కదానివే. నువ్వు రానంటే ఈ తిరుగుళ్ళన్నీ మానేస్తాను, మిషన్ పక్కనే నిలబడతాను.

తమ్ముడు


ఇంటి ముందు గది.
సెప్టెంబరు

ఒరేయ్ పిచ్చివాడా,

ముందుగా ఒక మాట. మీ బావ బ్రాకెట్లు వేసి ఏవేవో రాస్తున్నారట. మొన్న నిలదీస్తే ఒప్పుకున్నారు. ఈ ఉత్తరంలో బ్రాకెట్లు లేవు, పక్కన కూర్చుని వేలితో తడిమి చూస్తానని బెదిరించాను.

నేను నిన్ను చూసి నవ్వడంలేదు. నాకు చూపు పోతోందిరా.

అంతే, చెప్పేశాను. కంటి వెనక పొర పాడైపోయిందట, రెండు కళ్ళకీ. పక్కలు కనిపిస్తాయి, మధ్యలో కనపడదు. ఎవరో తడివేలితో పులిమేసినట్టు ఉంటుంది. మీ బావని చూస్తే చెవులు కనిపిస్తాయి, ముక్కు కనిపించదు. అదొక్కటే కాస్త సుఖం. అక్షరాలు పోయాయి. సూది దారం ఎక్కించలేను, కానీ బట్ట చేతికి తెలుసు కాబట్టి పని నడుస్తోంది. దిగే మెట్లంటే మాత్రం భయం, ఎంత లోతో తెలియదు. మీ బావ పక్కనుండి "జాగ్రత్త, జాగ్రత్త" అంటారు. దేనికి జాగ్రత్తో చెప్పరు. ఆ మాటకే భయం రెట్టింపవుతుంది. కార్లో అయితే ఆయన వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాడు తప్పు చేస్తే తొక్కేస్తారు. నాకు అలాంటిది లేదు కదా, నోటితో తొక్కుతుంటారు.

నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు కళ్ళద్దాలవాడివి. చెప్పిన మర్నాడే పది జతల అద్దాలు అరగదీసి పంపిస్తావు. ఒక్కటీ పనిచెయ్యదు. అద్దాలతో బాగయ్యేది కాదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. పెట్టుకుని "ఆహా, బాగుందిరా" అని నీకు అబద్ధం చెప్పాల్సి వచ్చేది. అది నావల్ల కాదు.

రావాలని ఉంది. నువ్వు రాసినవన్నీ రెండేసిసార్లు చదివించుకున్నాను. కానీ వేదిక మీద అందరి ముందూ తెర కనపడకుండా కూర్చుని నీ ఆట పాడుచెయ్యలేను. నువ్వు ఆ మరమ్మతులావిడతో ఆడు. మానెయ్యకు.

కుడి


వర్క్‌షాపు, మిషన్ పక్కన.
సెప్టెంబరు

అక్కా,

నువ్వన్నట్టే చేశాను. ఉత్తరం చదవగానే లెన్సు తీసి మిషన్ మీద పెట్టాను. అది తిరుగుతూంటే చూస్తూ నిలబడి, కాసేపటికి ఆపేసి తీసేశాను. రోజూ ఊళ్ళోవాళ్ళ కళ్ళకి అద్దాలు బిగించేవాణ్ణి. సొంత అక్క ఆర్నెల్లుగా ఉత్తరాలు వేరే చేత్తో రాయిస్తుంటే నాకు అనుమానమైనా రాలేదు. నా గోల నాది. నాకు చాలా ఏడుపొచ్చింది.

పేరు కొట్టేయించాను. నిన్ను ఇబ్బంది పెట్టను. నేనూ వెళ్ళను. వచ్చే ఆదివారం మీ ఇంటికొస్తాను, ఊరికే కూర్చుందాం.

తమ్ముడు


ఇంటి నుంచి, ఒంటికాలి మీద.
సెప్టెంబరు

ఎడమా,

ఎవడ్రా కొట్టేయమంది? మానెయ్యకు అని కదా నేను రాయించింది! అడక్కుండా ఇస్తావు, అడక్కుండా తీసేస్తావు. ఊరికే కూర్చుందామట. నువ్వు ఊరికే కూర్చోవడం ఎప్పుడైనా చూశారా ఎవరైనా?

నీ ఉత్తరాలన్నీ నిన్న మళ్ళీ మొదట్నుంచి చదివించుకున్నాను. మార్చిలో నువ్వే రాశావు. ఒళ్ళో పుస్తకం పెట్టుకుని ఒక్కసారి కూడా తెర వైపు తలెత్తలేదట నేను. ఆ మాట దగ్గర మీ బావని ఆపి మళ్ళీ చదవమన్నాను. నిజమేరా. నేనెప్పుడు చూశాను తెర? ఆ మేడకి ఎన్ని అంతస్తులో, గంట ఏ రంగులో ఉంటుందో ఈ రోజుకీ నాకు తెలియదు. నీ ఊ వినపడితే నొక్కాను. అంతే కదా మన ఆట!

చెవులు బాగానే పనిచేస్తున్నాయి. బొటనవేలు సోఫాలకి స్ప్రింగులు బిగించి బిగించి ఇనుములా ఉంది. ఇద్దరిలో కళ్ళు కావలసింది నీకు. నీకున్నాయి.

ఆవిడ కాళ్ళు పట్టుకునైనా పేరు మళ్ళీ రాయించు. మీ బావ రైలెక్కిస్తారు, నువ్వు దింపుకో.

కుడి

(బ్రాకెట్లకి ఈసారి అనుమతి తీసుకున్నాను. పొద్దున్నుంచి బొటనవేలితో బల్ల మీద కొడుతూనే ఉంది. నా చెవులు పోయేలా ఉన్నాయి. త్వరగా తీసుకుపో. - బావ)


రైల్వే స్టేషన్, పుస్తకాల కొట్టు ముందు.
అక్టోబరు

అక్కా,

మరమ్మతులావిడ మన పేర్లు మళ్ళీ రాసింది. ఆఖరి జంట మనది. సాధన చేద్దామని రెండుసార్లు ఆ గదికి వెళ్ళాను, నడిపించడం మర్చిపోలేదు. కానీ నిన్ను రైలు దింపడం ఎలాగో అదే తెలియడంలేదు. చెయ్యి పట్టుకోవాలా, భుజమా? రేపటికి ఇవాళే వచ్చి ప్లాట్‌ఫారం చూసి వెళ్తున్నాను. ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాను, టికెట్ కలెక్టరు రెండుసార్లు అడిగాడు ఏం కావాలని. ఈ ఉత్తరం నీకు అందేలోపు నువ్వే వచ్చేస్తావు. అయినా రాయకపోతే చేతులు ఊరుకోవడంలేదు.

ఎడమ


షాపు వెనక గది.
నవంబరు

ఎడమా,

నన్ను తిరుగు రైలెక్కించి ఇన్ని రోజులైంది. ఫోన్ చేసినా "ఆఁ, సరే, ఉంటాను" అంటున్నావు. అందుకని మళ్ళీ కాగితమే పట్టుకోవాల్సి వచ్చింది.

నీ వల్లే పోయిందని కుమిలిపోతున్నావని మరదలు చెప్పింది. పోయింది నీ వల్లే. అందులో సందేహమేం లేదు. ఎలా పోయిందో నీకే సరిగ్గా తెలియదేమో, నేను చెప్తాను విను.

మొదట్లో ఎంత గోలగా ఉందిరా అక్కడ! నేల నుంచి కాళ్ళలోకి సంగీతం. భయమేసింది. నీ పక్కన కూర్చుని కుడి సగం పట్టుకోగానే అంతా సర్దుకుంది. మన మోచేతులు ఇప్పుడు కొంచెం లావయ్యాయి, అంతే తేడా. నువ్వు ఊ అన్నావు, నొక్కాను. జనం చప్పట్లు కొట్టారు. అంతస్తు తర్వాత అంతస్తు, ఊ, ఊ, ఊఁ... ఒళ్ళో పుస్తకం లేదన్నమాటే గానీ నాకు చిన్నప్పుడు మనం కూర్చుని ఆడిన ఆ చాప కూడా గుర్తొచ్చింది. ఆఖరి అంతస్తని జనం ఊపిరి బిగబట్టడం వినిపించింది. ఆఖరి గొయ్యి పెద్దదని నాకు తెలుసు, పెద్ద ఊఁ కోసం కాచుకుని ఉన్నాను.

నువ్వు ఏమీ అనలేదు. తర్వాత "అక్కా" అన్నావు. ఆ మాట నా చెవిలోకి నేరుగా వచ్చింది. అంతదాకా నీ గొంతు ముందు వైపు నుంచి, తెర వైపు పోతూ వినిపించింది. అంటే మొహం నా వైపు తిప్పావన్నమాట. తెర మానేసి నన్ను చూస్తూ కూర్చున్నావు. వాడు గోతిలో పడిపోయాడు. జనం "అయ్యో" అన్నారు.

జీవితమంతా నన్ను తెర చూడవే అని ఏడిపించినవాడివి! ఆ క్షణంలో నవ్వొచ్చింది, నీ నెత్తిన ఒకటి మొట్టాలనీ అనిపించింది. నువ్వెందుకు తిప్పావో నాకు తెలుసు. అందరూ ఈమధ్య అలాగే చూస్తున్నారు నన్ను, కనపడకపోయినా తెలుస్తుంది. మీ బావ చూస్తారు, షాపుకొచ్చేవాళ్ళు చూస్తారు. నువ్వూ చూస్తే నాకు గొయ్యి ఎక్కడుందో చెప్పేదెవరురా?

సరే, అది పోనీ. గంట మళ్ళీ మోగలేదు. నాకు దాని మీద పెద్ద దిగులు లేదు.

నేను అసలు రాయించాలనుకున్నది వేరే. ఆట అయ్యాక నువ్వు బిక్కమొహం వేసుకుని నా చెయ్యి పట్టుకున్నావు. వేదిక మెట్లు దిగాలి. నువ్వు "జాగ్రత్త" అనలేదు. "ఊ" అన్నావు. ఒక మెట్టు. మళ్ళీ "ఊ". ఇంకో మెట్టు. నువ్వు అంటున్నట్టు నీకైనా తెలుసో లేదో. కింద దాకా అలాగే దింపావు. స్టేషన్లో, రైలు తలుపు దగ్గర, ప్లాట్‌ఫారానికీ రైలుకీ మధ్య ఆ సందు. వచ్చేటప్పుడు అక్కడే ప్రాణాలు పోయాయి నాకు, నువ్వూ ఇంకెవరో కలిసి మోసినట్టు దింపారు. వెళ్ళేటప్పుడు నువ్వు పక్కనుండి "ఊఁ..." అని సాగదీశావు. నేను పెద్ద అంగ వేసేశాను. ఆలోచించలేదురా, వేసేశాను. అవతల పడ్డాక తెలిసింది, ఏడాదిగా నేను భయం లేకుండా వేసిన అడుగు అదొక్కటే అని.

ఈసారి మొహం తిప్పలేదు నువ్వు. నీ గొంతు కిందికి, సందు వైపే పోయింది.

అందుకని ఆదివారం రా. ఊరికే కూర్చోవడానికి కాదు. మీ బావకి నేర్పు. ఆయనకి మన పద్ధతంతా చెప్పాను, పాపం శ్రద్ధగానే మొదలుపెట్టారు. కానీ అన్నిటికీ ఒకే ఊ అంటున్నారు. నిన్న గడప దగ్గర కూడా చిన్న ఊ అన్నారు. కాలి బొటనవేలు వాచింది.

కుడి

(సాధన చేస్తున్నాను. పొద్దున వీధి కాలువ దగ్గర ఊఁ... అన్నాను, దాటేసింది. - బావ)